వెండితెర నవ్వుల్లో ఎవరి యాస?

తెలుగువారి హాస్యంలో రకరకాల మనుషులు కనిపించడం సినిమాతో మొదలైంది కాదు. తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథలు సాగుతుండగా నడిమధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి దూకేవారు. రాముడు, రావణుడు పద్యం పాడితే ఈ ముగ్గురూ ఊరి భాషలో, ఒక్కోసారి పచ్చిగానే మాట్లాడేవారు. ఊరి పెద్దల మీద చురక వేసే చనువు కూడా వారిదే. ఆ బొమ్మలను ఆడించే ఆరె కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ. తెలుగు ఊళ్ల మాటతీరును వాళ్లు విని పట్టుకున్నారు. వీధి భాగవతాల్లో హాస్యగాడి పని కూడా ఇదే. నాయకుడికి ఒక భాష, నవ్వించేవాడికి ఇంకో భాష అనే ఏర్పాటు అప్పటినుంచీ ఉంది. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు బొమ్మకు మాట వచ్చాక ఈ ఏర్పాటు సినిమాలోకి నడిచి వచ్చింది. అక్కడ దానికి జిల్లాల సరిహద్దులు కూడా తోడయ్యాయి.

ఈ ఏర్పాటుకు లొంగని గొప్ప హాస్య రచన అప్పటికే ఒకటి ఉంది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడింది, 1897లో అచ్చయింది, 1909లో బాగా మారి మళ్లీ వచ్చింది. అందులో యాస తక్కువ మనిషికి తగిలించిన గుర్తు కాదు. అవధాన్లు, వకీళ్లు, నౌకర్లు, వేశ్య అందరూ ఆ ప్రాంతం వాళ్లే. కులాన్ని, చదువును, వయసును బట్టి ఎవరి పలుకు వారిది. నవ్వు ఎక్కువగా పడేది పై కులాల పురుషుల మీద. 1955లో పి.పుల్లయ్య దాన్ని సినిమాగా తీసినప్పుడు గిరీశంగా కృష్ణా జిల్లా నిమ్మకూరు నుంచి వచ్చిన ఎన్.టి.రామారావు, మధురవాణిగా గుంటూరు జిల్లా చిర్రావూరు నుంచి వచ్చిన సావిత్రి నటించారు. నటనకు వంక పెట్టలేం. పేర్లు, ఊళ్లు ఉత్తరాంధ్రవే ఉన్నా పలుకులో ఆ నేల వాసన మాత్రం బాగా తగ్గింది.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విడదీశారు. ఉత్తరాంధ్ర తూర్పు మండలం, తెలంగాణ ఉత్తర మండలం, రాయలసీమతో పాటు నెల్లూరు వైపు దక్షిణ మండలం, గోదావరి నుంచి గుంటూరు దాకా మధ్య మండలం. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమం గ్రాంథికాన్ని గద్దె దింపినా, ఖాళీ అయిన చోట చివరికి కూర్చున్నది మధ్య మండలపు చదువుకున్నవారి మాట. పత్రికలు, రేడియో, సినిమా మూడూ దాన్నే ‘మామూలు తెలుగు’ చేశాయి. గిడుగు స్వయంగా శ్రీకాకుళం జిల్లావారు కావడం ఈ కథలోని చిన్న వింత.

సినిమా సొమ్మంతా కోస్తాది కాబట్టి భాష కూడా కోస్తాది అయిందన్నది తరచు వినిపించే వివరణ. అది సగమే నిజం. మద్రాసులో విజయా సంస్థను నడిపిన బి.నాగిరెడ్డి కడప జిల్లావారు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) తీసిన కె.వి.రెడ్డిది అనంతపురం జిల్లా తాడిపత్రి. ఆ సినిమాల్లో మాత్రం రాయలసీమ మాట లేదు. కథలు, మాటలు సమకూర్చినవారిలో చక్రపాణిది తెనాలి. పింగళి నాగేంద్రరావు పెరిగింది మచిలీపట్నంలో. డబ్బు ఎవరిది, దర్శకుడు ఎవరు అన్నదానికంటే మాట రాసిన చెయ్యి ఎవరిదన్నదే తెర మీద ఎవరు ఎలా కనబడతారో తేల్చింది. తర్వాతి డెబ్బై ఏళ్లలోనూ ఈ సంగతి మళ్లీ మళ్లీ రుజువైంది.

ఆ కాలపు హాస్యనటుల్లో ప్రాంతాల వైవిధ్యం నిజానికి బాగానే ఉంది. రేలంగి వెంకట్రామయ్యది గోదావరి ప్రాంతం, రమణారెడ్డిది నెల్లూరు జిల్లా, పద్మనాభానిది కడప జిల్లా సింహాద్రిపురం, రమాప్రభది అనంతపురం జిల్లా కదిరి, అల్లు రామలింగయ్యది పాలకొల్లు, రాజబాబుది రాజమండ్రి. నెల్లూరు సాగతీత ఉన్న రమణారెడ్డి మాటను ప్రేక్షకులు ఇష్టంగా విన్నారు. నాయకుడు అదే సాగతీతతో ప్రేమ సంభాషణ చెప్పడం మాత్రం ఆనాటి సినిమాకు ఊహకందని విషయం. తెలంగాణ నుంచి వచ్చిన కాంతారావు లాంటివారు నాయకులుగా వెలిగినా, వారి ఊరి మాట వారితో పాటు తెరకెక్కలేదు.

హాస్య చిత్రంలో వైవిధ్యాన్ని తూచాలంటే ‘మిస్సమ్మ’ (1955) కంటే మంచి ఉదాహరణ దొరకదు. రవీంద్రనాథ్ మైత్ర రాసిన బెంగాలీ నాటకం ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ దానికి ఆధారం, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. పట్టా చేతికొచ్చినా ఉద్యోగం దొరకని ఇద్దరు, అప్పాపురం జమీందారు బడిలో భార్యాభర్తలకే కొలువు అన్న ప్రకటన చూసి పెళ్లయినవారిలా నటిస్తారు. అబ్బాయి హిందువు, అమ్మాయి మేరీ క్రైస్తవురాలు. నవ్వంతా ఈ నాటకంలోంచే పుడుతుంది. జమీందారు దంపతులు ప్రేమతో చేయబోయే ప్రతి వేడుకా, పెట్టబోయే ప్రతి బొట్టూ ఆమెకు ఇబ్బందే. ఒక క్రైస్తవ యువతి కోపాన్ని, ఆత్మగౌరవాన్ని, తన మతాచారం మీద ఆమె పట్టుదలను ప్రధాన స్రవంతి తెలుగు సినిమా అంత వివరంగా, అంత అభిమానంగా చూపిన సందర్భాలు ఆ తర్వాత కూడా అరుదే. తిక్క మనిషిగా చూపినా సావిత్రి మేరీని ఎక్కడా పలచన చేయలేదు.

అయినా సినిమా ఆ ధైర్యాన్ని చివరిదాకా మోయలేదు. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురే మేరీ అని తేలడంతో మత సమస్య దానంతటదే మాయమవుతుంది. మతాంతర వివాహాన్ని ఒప్పుకోవలసిన అవసరం ప్రేక్షకుడికి తప్పుతుంది. అప్పు వంకతో మేరీని పెళ్లాడాలని వెంటపడే డేవిడ్‌గా రమణారెడ్డి నటించారు. ఆ నవ్వుల ప్రతినాయకుడు మాత్రం క్రైస్తవుడిగానే మిగిలిపోతాడు. ఒకే చిత్రం ఒక సమాజానికి నిండు పాత్రను ఇచ్చి, కథ ముగిసేలోపు దాన్ని వెనక్కి తీసుకున్న తీరు ఇది. తెర మీద ఎంతమంది ఉన్నారని లెక్కపెడితే ‘మిస్సమ్మ’కు మంచి మార్కులే పడతాయి. కథ ఎవరి వైపు తిరిగి ఆగిందని అడిగితే జవాబు వేరుగా వస్తుంది.

స్త్రీల సంగతిలో తెలుగు హాస్యం పిసినారిది కాదు, అయితే ఇచ్చిన గది ఇరుకు. సూర్యకాంతం 1950ల నుంచి గయ్యాళి అత్తకు పర్యాయపదమై, ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడానికి జనం జంకారని చెప్పుకునేంత దాకా వెళ్లింది. ‘గుండమ్మ కథ’ (1962) పేరు ఆమె పాత్రది. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఉన్న సినిమాకు ఒక మధ్యవయసు వితంతువు పేరు పెట్టడం ఇప్పటికీ విశేషమే. కథ నడిచేది మాత్రం ఆమెను దారికి తేవడం కోసం. ఛాయాదేవికి దక్కింది ఈ గదిలోనే ఇంకొంచెం చీకటి మూల. గిరిజ, రమాప్రభ వంటివారు హాస్యనటుడికి జంటగా వచ్చి పాట, కొట్లాట పంచుకున్నారు. అత్తను లోపలినుంచి, నవ్వుతూ, ముద్దుగా చూసిన రచన ఒకటి ఉంది, అది సినిమా కాదు. నటి, దర్శకురాలు భానుమతి రాసిన ‘అత్తగారి కథలు’లోని అత్తగారు నవ్వు తెప్పిస్తుంది గానీ నవ్వులపాలు కాదు. కలం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఇక్కడా అదే ఫలితాన్నిచ్చింది.

మగవాడు ఆడవేషం వేయడం రంగస్థలం మీద గౌరవించిన విద్య. స్థానం నరసింహారావు సత్యభామగా పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. సినిమాలో అదే వేషం దాదాపు ఎప్పుడూ నవ్వు కోసమే. నరేశ్ ‘చిత్రం భళారే విచిత్రం’లో, రాజేంద్రప్రసాద్ ‘మేడమ్’లో ఆ వేషాలు కొంత నిగ్రహంతో వేశారు. ఇ.వి.వి. సత్యనారాయణ ‘జంబలకిడిపంబ’లో మగవాళ్లు ఇంటిపని చేస్తూ, ఆడవాళ్లు రోడ్ల మీద ఈలలు వేస్తూ కనిపిస్తారు. ఊరంతా తలకిందులైతేగాని ఇంటి చాకిరీ నవ్వు తెప్పించేంత అన్యాయంగా కనబడదన్న చురుకు అందులో ఉంది, దాన్ని చివరిదాకా నిలపాలన్న పట్టుదల లేదు. వీటన్నిటి కంటే ముందు ‘మాయాబజార్’లో సావిత్రి దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటి పని చేశారు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె నడక, చూపు, విసురు మగ రాక్షసుడివి. ఎవరినీ కించపరచకుండా స్త్రీ పురుష భేదం మీద అంత నవ్వు పుట్టించిన ఘట్టం తెలుగు తెర మీద మళ్లీ రాలేదంటే అతిశయోక్తి కాదు. నిజమైన హిజ్రాలు మాత్రం దశాబ్దాల పాటు చప్పట్లు కొట్టి పోయే రెండు నిమిషాల పరిహాసంగానే మిగిలారు.

1980లలో జంధ్యాల హాస్యాన్ని మనిషి రూపం నుంచి మనిషి పిచ్చి మీదికి మళ్లించారు. ‘నాలుగు స్తంభాలాట’ (1982)లో సుత్తి జంట, ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984)లో సినిమా కథను టైటిళ్లతో సహా చెప్పే శ్రీలక్ష్మి, ‘అహ నా పెళ్లంట’ (1987)లో కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి లక్ష్మీపతి, ఎవరి వెర్రి వారిది. పిచ్చికి కులం, ప్రాంతం అక్కర్లేదు కాబట్టి ఈ నవ్వు ఎవరికీ గుచ్చుకోలేదు. శ్రీలక్ష్మికి దక్కిన పాత్రలు హాస్యనటి అంటే హాస్యనటుడి పెళ్లామే కానక్కర్లేదని చూపాయి. అయితే ఆ ఇళ్లన్నీ ఇంచుమించు ఒకే మధ్యతరగతి వీధిలోవి. వంశీ ‘లేడీస్ టైలర్’ (1986) గోదావరి పల్లెను, అక్కడి వృత్తులను, వేళాకోళాన్ని తెరకెక్కించింది. గోదావరి వెటకారం నాయకుడి నోటికే ఎక్కింది, ఎవరూ అభ్యంతరపెట్టలేదు. మధ్య మండలంలోని యాసకు ఉన్న ఈ వెసులుబాటు ఆ పదేళ్లలో మిగతావాటికి లేదు.

తెలంగాణ మాట తెర మీద స్థిరపడ్డ తీరు వేరు. ‘మా భూమి’ (1979) దాన్ని పోరాట భాషగా వినిపించింది. ప్రధాన స్రవంతిలో మాత్రం ‘ప్రతిఘటన’ (1985)లో కోట శ్రీనివాసరావు చేసిన కాశయ్య దానికి అచ్చు వేశాడు. రౌడీ రాజకీయ నాయకుడు, కొంత భయం, ఎక్కువ నవ్వు. కోట సొంతూరు కృష్ణా జిల్లా కంకిపాడు. ‘శివ’ (1989)కు మాటలు రాసిన తనికెళ్ల భరణి అందులో నానాజీగా హైదరాబాదు పలుకుతో వచ్చారు. ‘మనీ’ (1993)లో ఖాన్ దాదాగా నవ్వించిన బ్రహ్మానందానిది గుంటూరు జిల్లా సత్తెనపల్లి ప్రాంతం. ‘తెలంగాణ’ అన్న మాట పేరులోనే చేరిన శకుంతల పుట్టింది మహారాష్ట్రలో, ఇంటి భాష మరాఠీ. ‘మా భూమి’తో మొదలైన ఆమె ‘నువ్వు నేను’ (2001), ‘ఒక్కడు’ (2003) నాటికి కేకలు వేసే ఒక మూసలో ఇరుక్కుపోయారు.

వీరి ప్రతిభ మీద తగవు లేదు. తగవు పాత్రల వరుస మీద. గూండా, దళారి, లంచగొండి మంత్రి, పనివాడు, తాగుబోతు, ఈ వరుసలో యాస వినిపించేది. వాళ్లను బోల్తా కొట్టించే నాయకుడు ‘మామూలు తెలుగు’ మాట్లాడేవాడు. నాయకుడి అమ్మ, చెల్లెలు, ప్రేయసి కూడా అంతే. కథ హైదరాబాదులోనే జరుగుతున్నా ఇదే తీరు. 1990ల హాస్యంలో జనం విరగబడి చూసిన కోట, బాబు మోహన్ జంటలో రెండోవారు ఖమ్మం జిల్లా నుంచి వచ్చారు, ఎక్కువగా తన్నులు తినే వంతు ఆయనదే. ఆయనే ఆ తర్వాత ఎస్సీ రిజర్వుడు స్థానం అందోలు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. తెర బయట ఓటర్లు ఇచ్చిన హోదా తెర మీద రచయితలు ఇవ్వలేదు. రాయలసీమ మాటకూ ఇలాంటి గతే పట్టింది. ‘సమరసింహారెడ్డి’ (1999) తర్వాత అది కత్తుల భాషైంది. తరువాతి ఏళ్లలో జయప్రకాశ్ రెడ్డి దాన్ని హాస్యానికి తిప్పినా ముఠా నాయకుడి మీసం మాత్రం వదల్లేదు.

మినహాయింపు లేకపోలేదు. ‘మొండి మొగుడు పెంకి పెళ్లాం’ (1992)లో విజయశాంతి తెలంగాణ యాసలో మాట్లాడే నాయిక. జనం ఆదరించారు. యాస ఉంటే నాయికను ఒప్పుకోరన్న భయం నిర్మాతలదే గాని ప్రేక్షకులది కాదని అప్పుడే తేలిపోయింది. అయినా పాఠం ఎవరూ నేర్చుకోలేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం బలపడిన ఏళ్లలో, 2009 తర్వాత ముఖ్యంగా, ఈ పాత్రల వరుస బహిరంగ విమర్శకు గురైంది. అంతదాకా నవ్వి ఊరుకున్న ప్రేక్షకుడు టికెట్టు కొన్నది తనను చూసి తానే నవ్వడానికా అని అడగడం మొదలుపెట్టాడు. దాదాపు అదే కాలంలో ‘దేనికైనా రెడీ’ (2012)లో పురోహితుల చిత్రణ మీద బ్రాహ్మణ సంఘాలు రోడ్డెక్కాయి. ఎవరి మీద నవ్వొచ్చన్న ప్రశ్న ఇక పై కులాలకూ కింది కులాలకూ ఉమ్మడి అయింది. అయితే గుడి పూజారి మీద వేసిన జోకుకూ, ఒక ప్రాంతపు భాషనంతటినీ ఏళ్ల తరబడి పనివాడి నోట్లోనే ఉంచడానికీ బరువులో తేడా ఉంది.

దేహం మీద హాస్యం ఇంకా పాతది, ఇంకా మొండిది. నత్తి, చెవుడు, పొట్టితనం, లావు, నలుపు, ఇవి రచయిత శ్రమపడకుండా అందుకునే సరుకు. 1991లో కేంద్రం జారీ చేసిన సెన్సారు మార్గదర్శకాలు వికలాంగులను గేలిచేసే దృశ్యాలు అనవసరంగా ఉండరాదని చెప్పినా, కత్తెర వాటి జోలికి పెద్దగా పోలేదు. 2024 జులైలో సుప్రీంకోర్టు ‘ఆంఖ్ మిచోలీ’ అనే హిందీ హాస్య చిత్రం మీద వచ్చిన కేసులో ఈ విషయాన్ని సూటిగా తాకింది. వైకల్యాన్ని అర్థం చేసుకునేలా చేసే హాస్యం వేరు, వైకల్యం ఉన్న మనిషిని చులకన చేసే హాస్యం వేరు అని విడదీసింది. సినిమాను ఆపలేదు. ఇలాంటి పాత్రలు రాసేటప్పుడు ఆ జీవితం గడుపుతున్నవారిని సంప్రదించాలని సూచించింది.

ఈ గీటురాయి మీద తెలుగు చిత్రాలను రుద్ది చూడవచ్చు. అనిల్ రావిపూడి ‘రాజా ది గ్రేట్’ (2017)లో అంధుడైన నాయకుడు తన చూపు లేమి మీద తానే జోకులు వేస్తూ అందరికంటే ముందుంటాడు. నవ్వు అతని అదుపులో ఉంటుంది. అదే దర్శకుడి ‘ఎఫ్3’ (2022)లో వెంకటేశ్ పాత్రకు రేచీకటి, వరుణ్ తేజ్ పాత్రకు నత్తి. అక్కడ లోపం దాచుకోవలసిన రహస్యం, ఇబ్బందిపడినప్పుడల్లా పేలే టపాకాయ. దర్శకుడు ఒకరే, ఐదేళ్ల తేడా, గీత మాత్రం దాటేశారు. మారుతి ‘భలే భలే మగాడివోయ్’ (2015)లో మతిమరుపు, ‘మహానుభావుడు’ (2017)లో అతిశుభ్రత పిచ్చి నాయకుడివే కావడం జంధ్యాల దారికి దగ్గర.

2016లో తరుణ్ భాస్కర్ ‘పెళ్లిచూపులు’ వచ్చినప్పుడు పాత కొలతలు కొన్ని మారాయి. సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా, తరుణ్‌కు సంభాషణలకు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ప్రియదర్శి చేసిన కౌశిక్ నాయకుడి స్నేహితుడే, నవ్విస్తాడు కూడా. కానీ అతని పలుకు హైదరాబాదు కుర్రాడి మామూలు పలుకు. యాస జోకుగా మారదు, జోకు యాసలో వస్తుంది. మరుసటి ఏడాది శేఖర్ కమ్ముల ‘ఫిదా’లో బాన్సువాడ భానుమతిగా సాయిపల్లవి తన గొంతుతోనే మాట్లాడారు. ఆమె తమిళనాడు నీలగిరులకు చెందినవారు. నటీనటులు ఆ నేలవారే కావాలన్న వాదన ఇక్కడ నిలవదు. కోట పరాయివారే, సాయిపల్లవి పరాయివారే. ఒక పాత్రను చూసి ఊరు నొచ్చుకుంది, ఒక పాత్రను తన పిల్ల అనుకుంది. తేడా రాతలోనే ఉంది.

2021లో అనుదీప్ ‘జాతిరత్నాలు’ ముగ్గురు జోగిపేట కుర్రాళ్లను హైదరాబాదుకు పంపింది. జోగిపేట ఉన్నది బాబు మోహన్ గెలిచిన అందోలు నియోజకవర్గంలోనే. వెనకటి రోజుల్లో అలాంటి ఊరి కుర్రాడు హీరో పక్కన తన్నులు తినడానికి వచ్చేవాడు. ఇప్పుడు కథే వాళ్లది, తెలివితక్కువతనం కూడా వాళ్ల హక్కే. ‘డీజే టిల్లు’ (2022)లో యాస నాయకుడి సోకుగా మారింది. అది ఒకప్పుడు ఎవరి నోట వినిపించేదో మరిచిపోయిన తరం దాన్ని రాష్ట్రాల ఎల్లలు దాటి అనుకరించింది.

2023 మార్చిలో వచ్చిన ‘బలగం’ ఈ మార్పును ఇంకొంచెం లోతుకు తీసుకెళ్లింది. దర్శకుడు వేణు యెల్దండి సిరిసిల్ల ప్రాంతం వారు. అంతకు ముందు చాలా ఏళ్లు చిన్న చిన్న హాస్య పాత్రలు వేసి, ‘మున్నా’ తర్వాత టిల్లు వేణుగా జనానికి తెలిసిన నటుడు. ఇంటి పెద్ద చనిపోవడం, పదకొండో రోజు దాకా కాకి ముట్టకపోవడం అన్న చావింటి కథను ఆయన నవ్విస్తూ నడిపారు. అలిగిన అల్లుడు, పట్టింపుల పాలివారు, అప్పులతో సతమతమయ్యే మనవడు అందరూ నవ్వు తెప్పిస్తారు, అందరికీ కారణాలు ఉంటాయి. చివర బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడే పాట దగ్గర కుటుంబమంతా కూలిపోతుంది. అడుక్కునే కులంగా మాత్రమే చూసిన ఒక కళాకార సమాజానికి అంతటి స్థానం ఒక వాణిజ్య చిత్రంలో దొరకడం కొత్త. పల్లెల్లో తెరలు కట్టి ఊరుమ్మడిగా చూశారు.

ఉత్తరాంధ్ర, సరిహద్దు ఊళ్లు కూడా ఈ ఏళ్లలోనే తమ గొంతుతో వచ్చాయి. వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) విశాఖలోని ఆ పేటలో, అక్కడి మనుషులతోనే తీసింది. ప్రవీణ్ కండ్రేగుల ‘సినిమా బండి’ (2021) కన్నడ కలిసిన సీమ తెలుగులో నడిచే నవ్వుల కథ. ఆటోలో దొరికిన కెమెరాతో ఊరివాళ్లు సినిమా తీయబోవడం దాని వస్తువు. హైదరాబాదు పాతబస్తీ దక్ఖినీ హాస్యం మాత్రం తెలుగు సినిమాలోకి కాక, ‘ద అంగ్రేజ్’ (2005), ‘హైదరాబాద్ నవాబ్స్’ (2006) వంటి తక్కువ ఖర్చు చిత్రాలతో తన దారి తాను వేసుకుంది. తెలుగు హాస్య చిత్రంలో ముస్లిం పాత్ర ఇప్పటికీ ఎక్కువగా బిర్యానీ దుకాణం దగ్గరో, ఖాన్ దాదా నీడలోనో ఉంటుంది.

యాస గెలిచిన చోట కూడా స్త్రీ పాత్ర పెద్దగా కదల్లేదు. ‘జాతిరత్నాలు’ ముగ్గురు మగాళ్లది, ‘డీజే టిల్లు’లో అమ్మాయి నాయకుడి నెత్తిన పడ్డ ఆపద. స్త్రీ చుట్టూ తిరిగే హాస్య చిత్రాలు నందినీ రెడ్డి లాంటి దర్శకురాళ్ల చేతి మీదుగానే ఎక్కువగా వచ్చాయి. ఆమె ‘అలా మొదలైంది’ (2011)లో నిత్యామీనన్ పాత్ర నాయకుడితో సమానంగా తప్పులు చేస్తుంది, నోరు జారుతుంది. కొరియా చిత్రం ఆధారంగా తీసిన ‘ఓ బేబీ’ (2019)లో డెబ్బై ఏళ్ల ముసలమ్మ యువతిగా మారుతుంది. లక్ష్మి, సమంత ఇద్దరూ పంచుకున్న ఆ పాత్ర పదునైన నోటి గయ్యాళి మామ్మదే. ఆమెను ఎవరో దారికి తేవడం కాక, ఆమె బతుకు ఆమెకు ఎందుకు దక్కకుండా పోయిందన్నదే ఇక్కడ కథ.